మందం పెంచితే గట్టిపడుతుందా?

ప్రశ్న: చేతిలో పట్టుకునే మీటరుకు ఏబీఎస్ ప్లాస్టిక్ కేసు చేయిస్తున్నాం. ‘గట్టిగా లేదు’ అని కొన్నవాళ్లు అంటుంటే గోడ మందం 2 మి.మీ. నుంచి 3 మి.మీ.కి పెంచాం. ఖర్చు పెరిగింది, ఫిర్యాదులు మాత్రం తగ్గలేదు. ఏం చేయాలి?

జవాబు: ‘గట్టిగా లేదు’ అంటే ఏమిటో ముందు తేల్చుకోండి. తిరిగొచ్చిన కేసులు ఓ పది బల్ల మీద పరచండి. పగుళ్లు మూలల్లో ఉంటే చాలావరకు కింద పడ్డ దెబ్బే. స్క్రూ దిగే బొడిపె చుట్టూ ఉంటే బిగింపు ఎక్కువైందేమో చూడాలి. పగులే లేక, నొక్కితే లోపలికి వంగుతుంటే అది వేరే జబ్బు.

మందం ఒకటిన్నర రెట్లయితే ప్లాస్టిక్ దాదాపు అంతే పెరుగుతుంది. అసలు దెబ్బ అచ్చులో చల్లారే సమయం దగ్గర పడుతుంది. అది మందం వర్గాన్ని (మందం × మందం) బట్టి పెరుగుతుంది, అంటే సుమారు 2.25 రెట్లు. గంటకు దిగే పీసులు తగ్గేది అందుకే.

2 మి.మీ.కే రండి. వంగుతుంటే గోడకు లోపల రిబ్బులు (ఆసరాగా నిలిచే సన్నటి పట్టీలు) వేయండి: మందం 1 నుంచి 1.2 మి.మీ., ఎత్తు 6 మి.మీ. దాటకుండా, ఒక్కో పక్కకు కనీసం అర డిగ్రీ వాలు. రిబ్బు లావైతే బయటివైపు గుంట కనబడుతుంది. మూలలు పగులుతుంటే లోపల 1, బయట 3 మి.మీ. వ్యాసార్థంతో గుండ్రం చేయండి.

ఒక చిక్కుంది. అచ్చులో ఉక్కు చెక్కడం తేలిక, చేర్చడం కష్టం. గోడ మందం తగ్గాలంటే ఉక్కు చేరాలి కాబట్టి కొత్త కోర్ (కేసు లోపలి ఆకారాన్నిచ్చే అచ్చు భాగం) తప్పకపోవచ్చు. ఆ ఖర్చును ఇంకా తీయబోయే పీసుల సంఖ్యతో భాగించి చూశాకే ఆర్డరివ్వండి.