అమెరికాలో నంబర్ వన్, సొంతూళ్లో అంతంతమాత్రం

కొరియా పాప్ గ్రూపు స్ట్రే కిడ్స్ ఆల్బమ్‌లు 2022 నుంచి అమెరికా చార్టు బిల్‌బోర్డ్ 200లో మొదటి స్థానానికి వస్తున్నా, కొరియాలో వాళ్ల పాటలు అంతగా వినబడవంటారు, నిజమేనా అని అడిగారు.

చాలావరకు నిజమే. రెండు చోట్లా కొలిచేది ఒకటి కాదు. బిల్‌బోర్డ్ 200 ఆల్బమ్‌ల చార్టు. కె-పాప్ (కొరియా పాప్) గ్రూపులకు అందులో వచ్చే లెక్కలో పెద్ద భాగం సీడీలదే. సీడీతో పాటు వచ్చే గాయకుల ఫొటోకార్డుల కోసం ఒకే అభిమాని అదే ఆల్బమ్‌ను నాలుగైదు రకాల కవర్లతో కొంటాడు, అన్నీ లెక్కే. కొరియాలో జనాదరణకు గీటురాయి మెలాన్ లాంటి స్ట్రీమింగ్ చార్టు. అక్కడ పైకి రావాలంటే అభిమానులు చాలరు, ఏ గ్రూపో పట్టించుకోని మామూలు జనం కూడా వినాలి. స్ట్రే కిడ్స్‌వి లాంటి గట్టి శబ్దాల పాటలకు అది కష్టం.

ఏటీజ్ అనే మరో కొరియా గ్రూపుది మరీ చిత్రం: 2018 అక్టోబరులో వచ్చి, 2019లోనే అమెరికా, యూరప్ టూర్ చేసింది. స్వదేశంలో పేరు తర్వాత నెమ్మదిగా వచ్చింది.

దీనికి తిరగేసిన కథ బ్రేవ్ గర్ల్స్ అనే కొరియా అమ్మాయిల గ్రూపుది. 2017 నాటి వాళ్ల పాట ‘రోలిన్’ను అప్పట్లో ఎవరూ పట్టించుకోలేదు. 2021లో సైనిక శిబిరాల్లో వాళ్ల ప్రదర్శనల వీడియో వైరలై, అదే పాట మెలాన్‌లో మొదటి స్థానానికి ఎక్కింది. బయటి దేశాల్లో మాత్రం ఆ ఊపు లేదు. రెండు చోట్లా గెలిచిన బీటీఎస్‌ను చూసి అందరినీ కొలవడం వల్లే ఈ అయోమయం అని నాకనిపిస్తుంది.