ఎత్తు చాలదనిపించుకున్న తమ్ముడికి: డేవిడ్‌సన్‌లో స్టీఫెన్ కర్రీ మూడేళ్లు

మీరు అడిగినవి రెండు. డిగ్రీ మొదటి సంవత్సరం చదువుతున్న మీ తమ్ముణ్ణి ఎత్తు చాలదని కాలేజీ బాస్కెట్‌బాల్ సెలెక్షన్స్‌లో పక్కన పెట్టారు, అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌బీఏలో స్టార్ అయిన కర్రీని కూడా ఇలాగే కాదన్నారట, మరి కాలేజీలో అసలేం జరిగింది అని ఒకటి. ఆట కోసం చదువు మానేశాడా అని మీ అమ్మగారు అడిగింది రెండోది. నేను యూనివర్సిటీ జట్టులో గార్డ్‌గా, అంటే బంతి నడిపిస్తూ దూరం నుంచి షాట్లు వేసే ఆటగాడిగా ఆడాను. తర్వాత ఉద్యోగం అమెరికాలోని షార్లెట్‌లో దొరికింది. అక్కడి నుంచి డేవిడ్‌సన్ కాలేజీ కారులో అరగంట. కర్రీ ఆడుతున్న రోజుల్లోనే అక్కడికి వెళ్లి చూశాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందుగా, ఎవరూ పట్టించుకోని కుర్రాడు అన్న కథలో సగమే నిజం. తండ్రి డెల్ కర్రీ ఎన్‌బీఏలో 16 సీజన్లు ఆడిన షూటర్. తల్లి సోన్యా కాలేజీ వాలీబాల్ క్రీడాకారిణి. అంత మంచి కోచింగ్ ఇంట్లోనే దొరికే పిల్లలు ఎంతమంది ఉంటారు? ఇక నిజమైన సగం: స్కూలు చివరి ఏడాదికి అతను ఆరడుగులు, 73 కిలోలు. మన దగ్గర ఆరడుగులంటే పొడగరే, కానీ అక్కడి పెద్ద జట్లకి ఆ ఒళ్లు ఆనలేదు. అమ్మానాన్నలు చదివిన వర్జీనియా టెక్ కూడా స్కాలర్‌షిప్ ఇవ్వలేదు, అది లేకుండా జట్టులో చేరాలంటే చేరమంది. అప్పుడు పిలిచి చోటిచ్చింది డేవిడ్‌సన్ కోచ్ బాబ్ మెకిలప్. దాదాపు 1,700 మంది విద్యార్థులున్న చిన్న కాలేజీ అది.

అంతకు ముందే ఇంకో కష్టం పడ్డాడు. చిన్నప్పుడు బలం చాలక బంతిని నడుము దగ్గర నుంచి ఎగరేసేవాడు. పొడగరి డిఫెండర్లు దాన్ని సులువుగా ఆపేస్తారని స్కూల్లో ఉండగానే ఒక వేసవిలో తండ్రి ఆ షాట్‌ని మొత్తం మార్పించాడు, తల పైనుంచి వదిలేలా. కొన్ని వారాల పాటు రింగ్ దగ్గర నుంచి తప్ప షాట్ వేయలేకపోయానని, విసిగిపోయానని తర్వాత తనే చెప్పాడు. చేతికి అలవాటైన షాట్ మార్చుకోవడం ఎంత నరకమో ఆడినవాళ్లకి తెలుస్తుంది.

నన్ను అడిగితే అతని కాలేజీ జీవితంలో అన్నిటికంటే ముఖ్యమైన మ్యాచ్ మొట్టమొదటిదే. 2006 నవంబరు, ఈస్టర్న్ మిషిగన్ మీద. ఆ ఒక్క మ్యాచ్‌లో 13 టర్నోవర్లు! అంటే పదమూడు సార్లు బంతి అవతలి జట్టుకి అప్పగించాడు. రెండు పాస్‌లు తప్పితే చాలు, గార్డ్ చూపు తనకు తెలియకుండానే బెంచీ వైపు పోతుంది, ఇప్పుడు బయటికి పిలుస్తారేమోనని. ఆ భయం మొదలయ్యాక ఇక షాట్ వేయడానికి చెయ్యి రాదు. మెకిలప్ మాత్రం రెండో సగంలోనూ అతన్ని ఆడించాడు. తర్వాతి మ్యాచ్ మిషిగన్ యూనివర్సిటీ మీద. అందులో కర్రీ 32 పాయింట్లు కొట్టాడు. పెద్ద యూనివర్సిటీలో, పదిమంది స్టార్ల మధ్య మొదటి ఏడాది కుర్రాడు 13 టర్నోవర్లు చేసుంటే ఆ రెండో మ్యాచ్‌లో కోర్ట్ మీద ఉండేవాడని నేను అనుకోను. ఆ ఏడాది మ్యాచ్‌కి సగటున 21.5 పాయింట్లు. దేశంలో మొదటి ఏడాది ఆటగాళ్లలో అతనికంటే ముందున్నది, తర్వాత ఎన్‌బీఏ స్టార్ అయిన కెవిన్ డ్యూరాంట్ ఒక్కడే.

రెండో ఏడాది కథ అందరికీ తెలిసిందే, అయినా చెప్పకుండా ఉండలేను. అప్పటికి ఆరడుగుల మూడంగుళాలయ్యాడు. 2008 మార్చిలో జాతీయ నాకౌట్ టోర్నమెంట్‌లో గొంజాగా మీద 40 పాయింట్లు. ఆ టోర్నమెంట్‌లో డేవిడ్‌సన్ ఒక మ్యాచ్ గెలిచి అప్పటికి 39 ఏళ్లయింది. తర్వాత జార్జ్‌టౌన్ మీద 17 పాయింట్లు వెనకబడి కూడా గెలిచారు. అందులో కర్రీ కొట్టిన 30లో 25 రెండో సగంలోవే. తర్వాతి మ్యాచ్‌లు డెట్రాయిట్‌లో. అవి చూడ్డానికి వెళ్లే విద్యార్థులకి బస్సు, టికెట్, హోటల్ ఖర్చంతా కాలేజీ ట్రస్టీలే పెట్టుకున్నారు. అక్కడ విస్కాన్సిన్ మీద 33 కొట్టాడు. చివరికి కాన్సస్ చేతిలో 59-57తో ఓడారు, ఆ కాన్ససే కప్పు గెలిచింది. ఆ వారం మా ఆఫీసులో క్రికెట్ తప్ప ఇంకేదీ చూడని మన తెలుగు కుర్రాళ్లు కూడా స్కోర్ అడిగేవాళ్లు.

ఇక మీ తమ్ముడికి పనికొచ్చే ముక్క. డేవిడ్‌సన్ సొంత కోర్ట్‌లో నేను చూసినప్పుడు, కాసేపు బంతిని వదిలేసి కర్రీనే చూస్తూ కూర్చున్నాను. బంతి అవతలి పక్కన ఉన్నా అతను నిలబడడు. రింగ్ కిందికి దూసుకెళ్తాడు, తన జట్టులో భారీ మనిషి అడ్డంగా నిలబడితే భుజం రాసుకుంటూ అతని చుట్టూ తిరుగుతాడు, వెంటపడిన డిఫెండర్ ఆ మనిషికి తగులుకుంటాడు, ఈలోపు కర్రీ మూల నుంచి బయటపడతాడు. బంతి చేతికందేసరికే మోకాళ్లు వంగి, పాదాలు రింగ్ వైపు తిరిగి ఉంటాయి. అందుకే షాట్ అంత తొందరగా పోయేది. రెండో ఏడాదిలో ఆ పాస్‌లు ఎక్కువగా ఇచ్చింది జేసన్ రిచర్డ్స్, ఆ ఏడాది అసిస్టుల్లో, అంటే అందుకున్నవాడు పాయింట్లు కొట్టేలా ఇచ్చిన పాస్‌లలో, దేశంలో మొదటివాడు. దీనికి ఎత్తు అక్కర్లేదు, ఊపిరి కావాలి. మీ తమ్ముణ్ణి రోజూ షాట్లు వేయడంతో సరిపెట్టుకోవద్దనండి. పరుగెత్తి వచ్చి, బంతి అందుకుని, వెంటనే వేయడం సాధన చేయమనండి.

రిచర్డ్స్ వెళ్లిపోయాక మూడో ఏడాది బంతి నడిపించే పనీ కర్రీదే అయింది. మ్యాచ్‌కి సగటున 28.6 పాయింట్లు, దేశంలోనే మొదటి స్థానం. లయోలా జట్టు మ్యాచ్ అంతా ఇద్దర్ని అతని మీదే పెడితే, ఆ ఇద్దర్నీ తీసుకెళ్లి మూల నిలబడ్డాడు. మిగతా నలుగురూ ముగ్గురి మీద ఆడారు. కర్రీకి సున్నా పాయింట్లు, డేవిడ్‌సన్ 30 తేడాతో గెలిచింది. కోర్ట్ మీద ఇంత తెలివి చూపించినవాణ్ణి ఆ వయసులో నేను మళ్లీ చూడలేదు.

తమ్ముడి విషయంలో నా సలహా: పీడీ సార్‌ని జట్టులో చోటు కాదు, ప్రాక్టీసులో చోటు అడగమనండి. అది కూడా కుదరకపోతే ఊళ్లో క్లబ్బు వెతుక్కోవాలి, చిన్నదైనా సరే, ఎక్కువసేపు ఆడనిచ్చేది.

అమ్మగారి ప్రశ్నకి: మూడో ఏడాది కాగానే, 2009 డ్రాఫ్ట్‌లో (ఎన్‌బీఏ జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట) గోల్డెన్ స్టేట్ వారియర్స్ జట్టు అతన్ని ఏడో ఆటగాడిగా తీసుకుంది, చదువు అక్కడ ఆగింది. డిగ్రీ లేనివాళ్ల జెర్సీ నంబర్‌ని, ఇంకెవరికీ ఇవ్వకుండా, గౌరవంగా పక్కన పెట్టే ఆనవాయితీ డేవిడ్‌సన్‌లో లేదు, ఎన్‌బీఏ ఛాంపియన్ అయినా సరే. కర్రీ మిగిలిన కోర్సులు పూర్తిచేసి 2022లో డిగ్రీ తెచ్చుకున్నాడు. అతని 30వ నంబర్‌ని కాలేజీ పక్కన పెట్టింది ఆ తర్వాతే, ఆ ఏడాది ఆగస్టులో.