ముహూర్తాలు లేని నెలలో

బుజ్జీ,

"ఒక నెల పెళ్లి చేసుకోవాలనిపిస్తుంది, ఇంకో నెల ఎందుకొచ్చిన గొడవ అనిపిస్తుంది, నాలో ఏమైనా తేడా ఉందా అత్తా?" అని అడిగావు. ఏమీ లేదు. 64 ఏళ్లొచ్చినా పెళ్లి కాని దాన్ని, ఈ సంగతిలో నాకు అనుభవం ఎక్కువే.

1984లో నాకు 23. అప్పుడు నాకు మొగుడి ధ్యాస లేదు, పెళ్లి ధ్యాసే. పందిరి, పట్టుచీర, పూలజడ. చూపులకొచ్చినవాళ్లు బజ్జీలు తిని, కట్నం దగ్గర బేరం తెగక వెళ్లిపోతే, ఆ చీర పోయిందని ఏడ్చాను. అబ్బాయి మొహం గుర్తు లేదు. 31కి ఆ సరదా తీరిపోయింది గానీ, ఎవరింట బారసాలకెళ్లినా ఉయ్యాల దగ్గరే నిలబడిపోయేదాన్ని. 38లో టైఫాయిడ్ వచ్చింది. పక్కింటావిడ జావ గ్లాసు మీద మూత పెట్టి గుమ్మంలో ఉంచి వెళ్లేది. లేచి నాలుగడుగులు వెయ్యలేక, అది చల్లారిపోతుంటే చూస్తూ పడుకున్నాను. ఆ వారం ఎవరడిగినా తాళి కట్టించుకునేదాన్నే! జ్వరంతో పాటు ఆ కోరికా దిగిపోయింది.

47లో మా ఆఫీసులో, భార్య పోయినాయన అడిగారు. మూడు నెలలు ఆలోచించాను. సాయంత్రం కాఫీ తాగుతూ పేపర్లో వార్త మీద వాదించుకోవడానికి నాకొక మనిషి కావాలి. ఆయనకేమో వాళ్లమ్మకి వేళకి మందులిచ్చే మనిషి కావాలి. వద్దన్నాను. తర్వాత చాలాకాలం ఆయన సీటు వైపు చూడకుండా ఉండటానికి కష్టపడ్డాను, అదీ చెప్పాలి కదా.

పెళ్లి అన్న ఒక్క మాట చాటున ఇన్ని కోరికలు దూరి కూర్చుంటాయి. ఏ నెల ఏది లేచిందో చూసుకో. శ్రావణంలో, మాఘంలో మాత్రం ఏ నిర్ణయమూ వద్దు. వారానికి రెండు పెళ్లి భోజనాలు, ప్రతి పంక్తిలో "నీదెప్పుడమ్మా?" ఆ టెన్షన్లో పుట్టిన కోరిక సగం వాళ్లదే. ఆషాఢంలోనో, మూఢంలోనో, ఎవరూ ఏమీ అడగని ఓ ఆదివారం సాయంత్రం నిన్ను నువ్వే అడుగు. రెండు మూడు సార్లు అదే జవాబొస్తే అప్పుడు కదులు.

పిల్లల ఊసు మాత్రం దీనితో కలపకు, దానికి గడువుంది. 2022 దత్తత నిబంధనల్లో, రెండేళ్లలోపు బిడ్డ కావాలంటే ఒంటరివాళ్ల వయసు 40 దాటకూడదు. ఐవీఎఫ్ లాంటివాటికి 2021 చట్టం ఆడవాళ్లకి 50 దాకా వీలిచ్చింది గానీ, ఒంట్లో అండాలు అంతకాలం ఆగవు. నీకు 36. ఈ నెలలోనే డాక్టర్ని కలువు.

ఇంకోటి, నీకు 29 ఏళ్లప్పుడు మీ నాన్న రాసిన ఆ బయోడేటా చింపెయ్యి. "వంట బాగా వచ్చు, ఉమ్మడి కుటుంబం ఇష్టం" అట! ఇప్పటి నీ గురించి నువ్వే రాసుకో.

మీ అమ్మ నిన్న ఏదో సంబంధం గురించి ఫోన్ చేసింది. ఆషాఢం వెళ్లాక నువ్వే మాట్లాడతావని చెప్పాను.

మీ అత్త