క్రేన్ బెల్టుతో బొలేరోను లాగొచ్చా?

ఒడిశాలో గుణుపురం దగ్గర వంశధార ఇసుకలోనో, వానాకాలం కోరాపుట్ వైపు ఎర్రమట్టి దారుల్లోనో బొలేరో దిగబడితే థార్ జీపుతో లాగడానికి, హార్డ్‌వేర్ షాపులో దొరికే ఆకుపచ్చ క్రేన్ బెల్టు (బరువులు ఎత్తే పట్టీ) చాలా అని అడిగారు.

నిదానంగా లాగడానికైతే చాలు. ఊపుతో గుంజడానికి మాత్రం వద్దు. ఆకుపచ్చ రంగు అంటే రెండు టన్నుల పని బరువు, అంటే దాంతో ఎత్తదగ్గ బరువు. తెగే బరువు అంతకు ఏడు రెట్లు ఉంటుంది, కాబట్టి తెగుతుందని భయం అక్కర్లేదు. అది పాలిస్టర్, పెద్దగా సాగదు, చిక్కంతా అక్కడే. థార్ ఊపు మీద వచ్చి బెల్టు బిగుసుకోగానే ఆ దెబ్బంతా రెండు బళ్ల హుక్కుల మీద పడుతుంది. చెట్టు మొదలుకు చుట్టి వించ్ (బండిని తాడుతో చుట్టి లాగే యంత్రం) తగిలించడానికి ఆ బెల్టు ఉంచుకోండి.

ఊపుకి నైలాన్ బెల్టే కావాలి. 20 నుంచి 30 శాతం సాగి, ఆ బలాన్ని మెల్లగా దిగబడ్డ బండికి అందిస్తుంది. పొడవు 9 మీటర్లు, తెగే బరువు 8 టన్నులు ఉన్నది తీసుకోండి. రెండు బళ్లలో తేలికదాని నిండు బరువుకి సుమారు మూడు రెట్లు ఉండాలన్నది లెక్క. గట్టిగా ఉంటుంది కదా అని 15 టన్నులది కొంటే, ఈ బళ్లకి అది సరిగ్గా సాగదు. మళ్లీ పాలిస్టర్ కథే. లేబులు లేని బెల్టు ఎంత చవకైనా వద్దు.

అసలు బెల్టు కన్నా ముందు హుక్కు చూడాలి. ప్రాణం తీసేది ఎక్కువగా బెల్టు చివర ఊడొచ్చిన ఇనుమే. ట్రాలీ తగిలించే గుండు, యాక్సిల్, బంపర్, బండిని లారీ మీద ఎక్కించినప్పుడు కట్టే సన్న కొక్కేలు, వీటి జోలికి పోకండి. ఛాసిస్‌కి బోల్టులతో బిగించిన హుక్కుకే తగిలించాలి. బెల్టును హుక్కుకి కలిపే షాకిల్ (పిన్ను ఉన్న U ఆకారపు ఇనుప కొండి) మీద 3.25 టన్నులనో 4.75 టన్నులనో అచ్చు ఉండాలి. పిన్ను పూర్తిగా బిగించి, పావు చుట్టు వెనక్కి తిప్పండి. లేకపోతే లాగాక ఊడిరాదు. రెండు బెల్టులు కలపాలంటే మధ్యలో షాకిల్ పెట్టొద్దు. ఒకదాని కన్నులోంచి రెండోదాన్ని దూర్చి, ముడి బిగుసుకోకుండా చుట్టిన పేపరు పెట్టండి.

ముందు పార తీయండి. చక్రాల ముందు, ఛాసిస్ కింద ఆనిన మట్టి తీసి, టైర్లలో గాలి 18 పీఎస్ఐకి దించితే సగంసార్లు బెల్టు అవసరమే రాదు.

లాగేటప్పుడు రెండు బళ్లూ వీలైనంత ఒకే వరుసలో ఉండాలి. బెల్టులో రెండు మూడు మీటర్ల వదులు ఉంచి, మధ్యలో తడి గోనెసంచి వెయ్యండి. థార్‌ని ఫోర్ వీల్ ‘లో రేంజ్’ (బలం ఎక్కువ, వేగం తక్కువ ఉండే గేరు) వేసి ఫస్ట్ గేరులో నడపాలి, గంటకు 8 కిలోమీటర్లు దాటకూడదు. వేగం రెట్టింపైతే ఊపులోని శక్తి నాలుగింతలు. బెల్టు బిగుసుకోగానే బొలేరో డ్రైవరు కూడా మెల్లగా యాక్సిలరేటర్ తొక్కాలి. మూడుసార్లకీ కదలకపోతే మళ్లీ తవ్వండి. ఆలోగా వేడెక్కిన నైలాన్ కూడా చల్లారుతుంది.

బండి దిగబడితే ఊరంతా చూడ్డానికి వస్తుంది. ఒడియా బాగా వచ్చినవాడొకడు అందర్నీ కనీసం 14 మీటర్ల దూరంలో ఆపాలి. సైగ చేసేది మాత్రం ఇంకొకడే, వేరెవరూ అరవకూడదు.

ఇంటికొచ్చాక బెల్టు మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. లోపల చిక్కిన ఇసుక పోగుల్ని కోస్తుంది. అంచు కోసుకుపోయినా, కుట్లు ఊడినా పారెయ్యండి, కుట్టించొద్దు.