జర్మనీ క్రిస్మస్ మార్కెట్లు ఆ రేట్లకు తగినవేనా? నెల్లూరు నుంచి వెళ్లొచ్చినవాడి లెక్క

మీ అబ్బాయి జర్మనీలో ఎమ్మెస్ చదువుతున్నాడనీ, డిసెంబరులో మీరిద్దరూ నెల్లూరు నుంచి వెళ్తున్నారనీ రాశారు. అక్కడి క్రిస్మస్ మార్కెట్లలో, అంటే పండగ ముందు ఊళ్లో వేసే సంతల్లో, అన్నీ టూరిస్టుల రేట్లేనని, పోవడం డబ్బు దండగని ఎవరో చెప్పారట. నిజమేనా అని మీ ప్రశ్న.

మాదీ నెల్లూరే. 2023 డిసెంబరు మొదట్లో నేనూ మా ఆవిడా జర్మనీలో కెమ్నిట్స్ అనే ఊళ్లో చదువుకునే మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. ఆ మూడు వారాల్లో నాలుగు మార్కెట్లు తిరిగాం. నా మాట ఏమిటంటే, తప్పకుండా వెళ్లండి. తినండి, తిరగండి. వస్తువు కొనేటప్పుడు మాత్రం పర్సు తియ్యబోయే ముందు ఒక నిమిషం ఆగండి. రేట్లు ఎక్కువన్న మాట సగం నిజం. ఆ సగం ఎక్కడుందో తెలిస్తే మీకు టెన్షన్ ఉండదు.

అన్నిటికంటే ముందు తేదీలు చూసుకోండి, ఎందుకంటే మనవాళ్లు చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. మన ఊళ్లో క్రిస్మస్ సందడంతా 24 రాత్రి, 25 పొద్దున. అక్కడ చాలా ఊళ్లలో మార్కెట్ నవంబరు చివర్లో మొదలై 23కో 24కో మూసేస్తారు. పండగ రోజు వెళ్తే మూసేసిన చెక్క కొట్లు చూడొచ్చు, అంతే. మా ఎదురింటివాళ్లు 25న దిగేలా టికెట్లు తీసుకుని ఒక్క మార్కెట్టూ చూడకుండా తిరిగొచ్చారు.

ఇక డబ్బు సంగతి. మేం వెళ్లిన పెద్దది డ్రెస్డెన్‌లోది, పేరు స్ట్రీట్సెల్‌మార్క్ట్. 1434 నుంచి ఉంది. కెమ్నిట్స్ నుంచి రైల్లో గంట ప్రయాణం. మా అమ్మాయి రోజంతా ముగ్గురం తిరిగేలా గ్రూపు టికెట్ తీసింది. దిగగానే మా ఆవిడ అడిగిన మొదటి మాట, "లోపలికి ఎంతే?" అని. మనకు ఎగ్జిబిషన్ అంటే ముందు గేటు దగ్గర టికెట్, ఆ తర్వాత లోపల జెయింట్ వీల్‌కి వేరే, ఢిల్లీ అప్పడానికి వేరే కదా. అక్కడ గేటే లేదు. ఊరి నడిబొడ్డున ఉన్న పాత సంత మైదానంలో చెక్క కొట్లు, మధ్యలో 14 మీటర్ల పైన ఎత్తున్న చెక్క గోపురం లాంటిది, దాని అంతస్తుల్లో బొమ్మలు గుండ్రంగా తిరుగుతుంటాయి. ఇదంతా చూడటానికి పైసా ఇవ్వక్కర్లేదు. జర్మనీలో ఊరి మార్కెట్లు దాదాపు అన్నీ ఇంతే. ప్రవేశానికి డబ్బు తీసుకునేవి ఎక్కువగా కోటల్లో పెట్టేవి. లండన్ హైడ్ పార్క్‌లో జరిగేదానికి రద్దీ వేళల్లో టికెట్ ఉంటుంది, దానితో దీన్ని కలిపి జనం "మార్కెట్లన్నీ దోపిడీ" అంటుంటారు.

మేం ఆ రోజు తిన్నదీ తాగిందీ మా ఆవిడ డైరీలో ఉంది కాబట్టి సరిగ్గా చెప్పగలను. యూరో అప్పుడు సుమారు 90 రూపాయలు. వేడి పళ్లరసం మూడు కప్పులు, ఒక్కోటి 3 యూరోల 50 సెంట్లు. ఆలుగడ్డ తురిమి నూనెలో వేసిన అట్లు ఒక ప్లేటు, 6 యూరోలు, మీద యాపిల్ గుజ్జు పోసి ఇస్తారు. చీజ్, పుట్టగొడుగులు లోపల పెట్టి కాల్చిన రొట్టె ఒకటి, 7 యూరోలు. పంచదార పాకం పట్టించిన బాదం పొట్లం, 5 యూరోలు. మొత్తం 28 యూరోల 50 సెంట్లు, మన డబ్బులో రెండున్నర వేల పైచిలుకు. వినగానే గుండె గుభేలుమంటుంది, నాకూ అన్నది. కానీ ఆ ఊళ్లో ముగ్గురం హోటల్లో కూర్చుని తింటే దీనికి రెట్టింపు అయ్యేది. నెల్లూరు రేటుతో పోల్చుకుంటూ కూర్చుంటే జర్మనీలో బస్సు కూడా ఎక్కలేం. రూపాయల్లోకి మార్చుకోవడం మూడో రోజుకు మానేశాను, ఆ తర్వాతే ఆకలి వేసింది.

అందరూ చెప్పే గ్లూవైన్ సంగతి నన్ను అడక్కండి. మసాలా వేసి కాచిన వైన్ అది. మాది తాతల నాటి నుంచి బాప్టిస్టు ఇల్లు, వైన్ తాగానని తెలిస్తే మా చర్చి పెద్దలు ఏమంటారో మీకు తెలుసు. మేం తాగింది పిల్లల కోసం చేసే పళ్లరసం. దాన్ని కిండర్‌పున్ష్ అంటారు. లవంగం, దాల్చినచెక్క వేసి పొగలు కక్కేలా ఇస్తారు. చలిలో చేతులు కొంకర్లు పోతున్నప్పుడు ఆ కప్పు పట్టుకున్న సుఖం, ఆ 3న్నర యూరోల్లో సగం దానికే.

ఇక్కడ ఒక మతలబు ఉంది. కప్పుకి వేరే డిపాజిట్ తీసుకుంటారు, దాన్ని ఫాండ్ అంటారు. మాకు కప్పుకి 3 యూరోలు పడింది. మేం మొదట ఆ డబ్బు కూడా రసం రేటే అనుకుని "కప్పు ఆరున్నరా!" అని నోరెళ్లబెట్టాం. ఖాళీ కప్పు తిరిగిస్తే ఆ 3 వాపసు. కానీ కొన్నిచోట్ల ఏ కొట్లో తీసుకున్నామో ఆ కొట్లోనే ఇవ్వాలి. నేను తిరుగుతూ తిరుగుతూ చివరికి ఇంకో వైపున్న కొట్టు దగ్గర పెడితే, వాడు కప్పు తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. కప్పుల మీద బొమ్మలు వేరు మరి. వెనక్కి వెళ్లి వెతుక్కునే ఓపిక లేక ఆ కప్పు ఇంటికే తెచ్చుకున్నాను. దాని మీద ఏడాది అచ్చేసి ఉంటుంది, పింగాణీది, ఇప్పటికీ పొద్దున కాఫీ అందులోనే. ఆ మార్కెట్లో నేను కొన్న అన్నిటిలోకీ చవకైన గుర్తు అదే, అదీ పొరపాటున.

మాంసం తినకపోతేనో, పంది మాంసం ముట్టకపోతేనో కొంచెం జాగ్రత్త. కొట్లలో కాలే సాసేజ్ ఎక్కువ భాగం పందిదే. మా ఆవిడ అందుకే ఆలుగడ్డ అట్ల దగ్గరే రెండు పూటలు నిలబడింది. "ఇందులో పచ్చిమిర్చి, ఉల్లిపాయ వేసుంటే ఇంకేం కావాలి" అని ఆమె తీర్పు. మనకు కారం దోసె తిన్న నాలుక కదా.

కొనడం దగ్గరికి వద్దాం, అసలు డబ్బు పోయేది ఇక్కడే. డ్రెస్డెన్ దగ్గర ఎర్ట్స్‌గెబిర్గె అని కొండలున్నాయి. పూర్వం గనుల్లో పని చేసిన జనం, గనులు తగ్గాక చెక్క బొమ్మలు చెయ్యడం మీద పడ్డారు. వాళ్ల బొమ్మల్లో ఒకటుంది, నడుం దగ్గర విడిపోతుంది. లోపల చిన్న సాంబ్రాణి గుళిక లాంటిది వెలిగించి పైభాగం పెట్టేస్తే, నోట్లోంచి పొగ వదులుతూ చుట్ట కాల్చే ముసలాయనలా కూర్చుంటుంది. కొట్టాయన మా కోసం ఒకటి వెలిగించి చూపించాడు. చిటికెనవేలంత ఉన్న చుట్ట గొట్టం, దాని మీద రంగు గీత, అంచున గోరంత టోపీ. రేటు 38 యూరోలు. మా ఆవిడ బొమ్మ వంక చూస్తూ నాతో, "ముప్పైకి ఇస్తాడేమో అడగండి" అంది. "అమ్మా, ఇక్కడ బేరాలుండవు" అని మా అమ్మాయి చెయ్యి పట్టుకుని లాగింది. కొట్టాయనకు భాష అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది, నవ్వి బొమ్మను బోర్లించి అడుగున తయారుచేసినవాళ్ల ముద్ర చూపించాడు.

ఆ ముద్రే చూసుకోమని మీకు చెప్తున్నాను. పక్క కొట్లోనే అలాంటి బొమ్మ 12 యూరోలకు ఉంటుంది, అది ఎక్కడో ఫ్యాక్టరీలో వేలకొద్దీ చేసి తెచ్చింది. దాన్ని ఆ మార్కెట్లో కొనడం శుద్ధ దండగ, మామూలు సూపర్ మార్కెట్లో ఇంకా తక్కువకు దొరుకుతుంది. మేం ఒక గాజు బొమ్మల పెట్టె అలాగే కొని, మర్నాడు ఇంటి పక్క షాపులో సగం రేటుకు చూసి నాలుక్కరుచుకున్నాం.

38 యూరోల బొమ్మ కొనలేదు. రైల్లో మా ఆవిడ ఉన్నట్టుండి, "ఉదయగిరి చెక్క గరిటెలూ చేత్తో చేసేవేగా" అంది. మన జిల్లాలో కొండ కర్ర తెచ్చి, చెంచాలూ ఫోర్కులూ చెక్కి, పళ్లు ఒక్కొక్కటీ అరగదీస్తారు. డ్రెస్డెన్ పండగ కేకుకి ఉన్నట్టే దానికీ భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగు, ఆ చోటి సరుకుకే ఆ పేరు) ఉంది. ఎగ్జిబిషన్‌లో ఎనభై అంటే యాభైకి అడిగి తెచ్చుకునేది మా ఆవిడే. అక్కడివాళ్లు ఆ పనికి 38 చెప్పి, తగ్గించకుండా, తల ఎత్తుకుని అమ్ముతున్నారు. రేటు ఎక్కువా అంటే ఏమో మరి, మన దగ్గర మరీ తక్కువేమో అనిపించింది.

అన్నట్టు ఆ కేకు పేరు ష్టోలెన్. ఎండు ద్రాక్ష, బాదం, బోలెడు వెన్న వేసి, పైన పంచదార పొడి దట్టంగా చల్లుతారు. పండగ ముందు ఉపవాస రోజుల్లో వెన్న వాడకూడదని నియమం ఉండేదట. నూనెతో చేస్తే బాగుండడం లేదని అక్కడి దొరలు మొరపెట్టుకుంటే, 1491లో పోపు అనుమతి ఇచ్చాడు. మేం వెళ్లినప్పుడు కిలో 20 యూరోల దాకా ఉంది. ఇది కొనండి, వారాల తరబడి పాడవదు. ముక్క తుంచి రుచి చూపిస్తారు కూడా. అయితే ద్రాక్షను రమ్ములో నానబెడతారు, ఆ విషయం నాకు అర కిలో అయిపోయాక తెలిసింది. చర్చి పెద్దలు ఇది చదవకూడదని ప్రార్థన.

ఎండు రేగుపళ్లలా కనిపించే ప్లమ్ పళ్లను పుల్లకు గుచ్చి చేసిన చిన్న మనిషి బొమ్మ కూడా ఉంటుంది. చేతిలో నిచ్చెన, నెత్తిన కాగితం టోపీ. పూర్వం పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్ల రూపం. అప్పుడు 6 యూరోలే. ఊళ్లో పిల్లలకు ఇవ్వడానికి అంతకంటే మంచిది లేదు, సామాన్లో బరువూ ఉండదు.

రద్దీ మాట కూడా చెప్పాలి. రొట్టెల పండగప్పుడు దర్గా దగ్గర, స్వర్ణాల చెరువు గట్టున ఎలా నడుస్తామో తెలుసుగా, శనివారం సాయంత్రం డ్రెస్డెన్ అలాగే ఉంటుంది. మంగళ బుధవారాల్లో మధ్యాహ్నం మూడింటికి వెళ్లండి. నాలుగున్నరకే చీకటి పడి లైట్లు వెలుగుతాయి, జనం ఆఫీసుల నుంచి రాకముందే చూసేయొచ్చు. చిల్లర నోట్లు దగ్గర పెట్టుకోండి, చాలా కొట్లలో కార్డు తీసుకోరు. కెమ్నిట్స్ మార్కెట్ డ్రెస్డెన్ అంత పేరున్నది కాదు గానీ, నడవడానికి జాగా ఉంటుంది, మాకు అదే ఎక్కువ నచ్చింది.

నేను ఒక్క దానికి మాత్రం బేరం, లెక్క ఏదీ చూడకుండా డబ్బు పెట్టాను. హెర్న్‌హుట్ అనే ఊరి పేరుతో అమ్మే కాగితం నక్షత్రం. సుమారు 200 ఏళ్ల కిందట ఆ ప్రాంతంలో మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖ క్రైస్తవుల బడిలో పిల్లలకు జ్యామితి నేర్పడానికి దాన్ని చేయించారు. చిన్నప్పుడు ఒంగోల్లో మా తాత వెదురు బద్దలు కట్టి, గాలిపటాల కాగితం అంటించి, లోపల లాంతరు పెట్టి ఇంటి ముందు కట్టేవాడు. మన నెల్లూరు బాప్టిస్టు మిషన్‌కే అమెరికన్లు 'ఒంటరి నక్షత్రం' అని పేరు పెట్టుకున్నారు, ఆ కథ మా తాతకు నోటికి వచ్చు. అందుకని ఆ కొట్టు ముందు నా కాళ్లు కదల్లేదు. 30 యూరోల పైన ఇచ్చి పసుపు రంగుది తీసుకున్నాను.

ఇంటికొచ్చి విప్పితే నక్షత్రం లేదు, మడిచిన కాగితాలున్నాయి! మొత్తం 25 కొనలు, 17 నాలుగు పలకలవి, 8 మూడు పలకలవి. ఒక్కోదాన్ని పక్కదానికి సన్నటి పిన్నులతో కలపాలి. ఇద్దరం హాల్లో చాప మీద కూర్చుని రాత్రి పదకొండున్నర వరకు తంటాలు పడ్డాం. అంతా అయ్యాక చూస్తే దానితో కొన్న లైటు హోల్డరు మర తిప్పేది, మన ఇంట్లో బల్బులన్నీ రెండు కొక్కేలవి. మర్నాడు ట్రంకు రోడ్డుకి పోయి 60 రూపాయలు పెట్టి వైరూ హోల్డరూ మార్పించాను. కాబట్టి కొంటే లైటు సెట్టు అక్కడ కొనకండి, నక్షత్రం ఒక్కటే తెచ్చుకోండి.

మాది అప్పటినుంచి ఏటా పండగకు వరండాలో వేలాడుతోంది. పోయిన ఏడు అటక మీద పెట్టినప్పుడు ఎలుక ఒక కొన కొరికేసింది. మీరు వెళ్లినప్పుడు విడి కొనలు అమ్ముతున్నారేమో ఆ కొట్లో ఒక్క మాట అడుగుతారా? 40 సెంటీమీటర్ల కాగితంది, పసుపు, నాలుగు పలకలది. డబ్బు వచ్చాక ఇచ్చేస్తాను.