కాయిల్ కొనే ముందు

అమ్మలూ,

నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. ఏడాదిలో నీ టూ వీలర్ బండికి రెండు బ్యాటరీలు మార్చావు. మూడోది కూడా పొద్దున్నే సెల్ఫ్ కొడితే టిక్కుటిక్కుమని ఊరుకుంటోంది. ఇప్పుడేమో ఎవరో కాయిల్ పోయిందన్నారని డబ్బు సర్దుకుంటున్నావు. ఆ కాయిల్ ఇప్పుడే కొనకు. కొనాల్సి వస్తే కొందాం. కానీ అది పోయిందో లేదో తేల్చడానికి ఒక మల్టీమీటరు, ఒక పూట చాలు. పార్టు పోయిందేమోనని మార్చడం ఈ పనిలో అన్నిటికంటే ఖరీదైన అలవాటు.

ముందు కరెంటు వచ్చే దారి మనసులో పెట్టుకో. ఇంజన్ తిరిగితే క్రాంకుకు బిగించిన మాగ్నెట్ తిరుగుతుంది. దాని మధ్యలో కదలకుండా ఉండేదే కాయిల్, అంటే స్టేటర్. అక్కడ పుట్టేది ఏసీ కరెంటు. అది ఆర్‌ఆర్ యూనిట్, అంటే రెగ్యులేటర్ రెక్టిఫైయర్‌లోకి వెళ్తుంది. ఆ యూనిట్ ఏసీని డీసీ చేస్తుంది, వోల్టేజీ 14 చిల్లర దాటకుండా ఆపుతుంది. అక్కడి నుంచి ఫ్యూజు మీదుగా బ్యాటరీకి. బ్యాటరీ ఈ దారిలో చివరనున్న తొట్టి. నీళ్లు రావడం లేదని ఎన్ని తొట్లు మార్చినా ప్రయోజనం ఉండదు. నువ్వు రెండుసార్లు చేసింది అదే.

అలాగని బ్యాటరీని వదిలేయకూడదు. మొదటి పరీక్ష దానికే. బలహీనమైన బ్యాటరీ పెట్టుకుని కొలిస్తే తర్వాతి రీడింగులన్నీ అబద్ధం చెబుతాయి. ఒక సెల్ షార్ట్ అయిన బ్యాటరీ బాగున్న చార్జింగును కూడా కిందికి లాగేస్తుంది. బయటి చార్జరుతో నిండా చార్జ్ చేసి, చార్జరు తీసేసి, నాలుగైదు గంటలు అలా వదిలేసి అప్పుడు కొలువు. చార్జరు తీసిన వెంటనే కనిపించే అంకెను నమ్మకు, అది పైపై చార్జి. మామూలు లెడ్ బ్యాటరీ అయితే 12.6 నుంచి 12.8 వోల్టులు ఉండాలి. సీల్ చేసినవి ఇంకాస్త ఎక్కువ చూపిస్తాయి. 12.4 అంటే ముప్పావు వంతు. 12 అంటే దాదాపు ఖాళీ. తర్వాత మీటరు అలాగే ఉంచి సెల్ఫ్ కొట్టు. ఆ క్షణంలో 10 దగ్గర నిలబడితే బ్యాటరీకి సత్తువ ఉన్నట్టు. నిండా చార్జ్ అయ్యి కూడా 8కి పడిపోతే ఆ బ్యాటరీ పనైపోయింది. ఇంకా ముందుకెళ్లకుండా మంచి బ్యాటరీ ఒకటి అరువు తెచ్చుకో.

ఇప్పుడు బండి స్టార్ట్ చెయ్యి. మీటరు డీసీలో పెట్టి, ప్రోబులను, అంటే మీటరు వైర్ల కొసలను, నేరుగా బ్యాటరీ టెర్మినల్స్ మీద ఆనించు. ఐడిల్‌లో ఎంత, హెడ్‌లైట్ హై బీమ్ వేసి నాలుగైదు వేల ఆర్‌పీఎం దగ్గర ఎంత, రెండూ కాగితం మీద రాసుకో. రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.7 దాకా ఉంటే చార్జింగ్ బాగున్నట్టే. నీ సమస్య ఇంకెక్కడో ఉంది, దాని సంగతి కింద రాస్తాను. ఎంత రేజ్ చేసినా 12.5 దగ్గరే వేలాడుతుంటే చార్జింగ్ లేదు. 15 దాటి పోతుంటే ఆర్‌ఆర్ యూనిట్ కట్టడి తప్పింది, లేదా దాని ఎర్త్ సరిగా లేదు. బల్బులు మాటిమాటికీ మాడిపోవడం, బ్యాటరీ పొట్ట ఉబ్బడం, కుళ్లిన గుడ్డు వాసన, ఇవన్నీ ఆ ఎక్కువ చార్జింగుకు గుర్తులు. అలాంటప్పుడు బండి నడపకు.

బండి నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకి, ఇంజన్ ఆగిపోతే చార్జింగ్ లేదని తేల్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నీ బండి మీద ఎవర్నీ ఆ పని చేయనివ్వకు. బ్యాటరీ పక్కకు తప్పుకోగానే వోల్టేజీ ఒక్కసారిగా ఎగురుతుంది. ఆర్‌ఆర్ యూనిట్, ఇంజన్‌ను నడిపించే కంప్యూటరు, అదే ఈసీయూ, రెండూ పోవచ్చు.

చార్జింగ్ లేదని తేలితే అందరి చెయ్యీ కాయిల్ మీదికే పోతుంది. నా చెయ్యీ పోయింది ఒకప్పుడు. పని నేర్చుకున్న కొత్తలో ఒక పెద్దాయన బండి తెచ్చాడు, చార్జింగ్ లేదని. కవర్ విప్పాను, కొత్త కాయిల్ వేశాను, ప్యాకింగ్ మార్చి ఆయిల్ పోశాను. మీటరు 14 చూపించింది. సంతోషంగా పంపేశాను. పదిహేను రోజులకు ఆయన బండి తోసుకుంటూ వచ్చాడు. ఈసారి సైడ్ ప్యానెల్ తీసి, కాయిల్ నుంచి ఆర్‌ఆర్ యూనిట్‌కు వెళ్లే కప్లర్‌ను, అంటే వైర్లను కలిపే ప్లాస్టిక్ జోడును, చేత్తో పట్టుకుంటే వేళ్లు చురుక్కుమన్నాయి. తెల్లటి ప్లాస్టిక్ ఒక మూల బెల్లం పాకం రంగుకు తిరిగింది. లాగితే ఊడి రాలేదు, మెత్తబడి పిన్నుకు అతుక్కుపోయింది. కొత్త కాయిల్‌తో కప్లర్‌లో ఒక సగమే కొత్తది వచ్చింది. వైరింగ్ వైపున్న పాత సగంలో మధ్య పిన్ను నల్లగా మాడి వదులైపోయింది. నేను విప్పి మళ్లీ నొక్కినప్పుడు కాస్త రాపిడి పడి పదిహేను రోజులు పట్టుకుంది, అంతే. తీసేసిన కాయిల్‌ను అప్పుడు కొలిచాను. అది నిక్షేపంలా ఉంది. కాయిల్ డబ్బు ఆయనకు తిరిగిచ్చాను. ఆ కాయిల్ ఇప్పటికీ నా సొరుగులో ఉంది, పని నేర్చుకోవడానికి వచ్చిన ప్రతి కుర్రాడికీ చూపిస్తాను.

కప్లర్ ఎందుకు మాడుతుందో ఒక్కసారి లెక్క వేసి చూడు. ఒక పిన్ను దగ్గర 0.1 ఓమ్ నిరోధం వచ్చిందనుకో. 10 ఆంపియర్లు పారితే అక్కడే ఒక వోల్టు పోతుంది, 10 వాట్ల వేడి పుడుతుంది. అంత చిన్న ఇత్తడి ముక్కకు 10 వాట్లు చాలా ఎక్కువ. వేడికి పిన్ను బిగువు తగ్గుతుంది, బిగువు తగ్గితే నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగితే వేడి ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు.

అందుకే నువ్వు కాయిల్ జోలికి పోకముందు కప్లర్లన్నీ చూడు. కాయిల్ కప్లర్, ఆర్‌ఆర్ యూనిట్ కప్లర్, మెయిన్ ఫ్యూజు కూర్చునే చోటు, బ్యాటరీ బోల్టులు, ఛాసిస్‌కు బిగించిన ఎర్త్ బోల్టు. రంగు మారిందా, పచ్చగా చిలుము పట్టిందా, పిన్ను వెనక్కి జారిందా? ఎర్త్ బోల్టు కింద పెయింటు ఉంటే గీకి, మెరిసే ఇనుము కనబడ్డాక బిగించు.

కంటికి బాగున్నా నమ్మకు. ఇక్కడ ఓమ్స్ పెట్టి కొలిస్తే మోసపోతావు. మీటరు పంపేది చిటికెడు కరెంటు. పది పోగుల వైరులో తొమ్మిది తెగి ఒక్కటే మిగిలినా అది బాగుందనే చూపిస్తుంది. కరెంటు పారుతున్నప్పుడు కొలవాలి. బండి స్టార్ట్ చేసి, హెడ్‌లైట్ వేసి, నాలుగు వేల ఆర్‌పీఎం దగ్గర ఎవరినైనా పట్టుకోమను. మీటరు డీసీ. ఒక ప్రోబు ఆర్‌ఆర్ యూనిట్ నుంచి వచ్చే ప్లస్ వైరుకు, కప్లర్ వెనక వైపు నుంచి సన్నటి గుండుసూది దూర్చి దానికి పెట్టు. అది ఇంజన్‌కు గానీ ఛాసిస్‌కు గానీ తగలకుండా చూసుకో. రెండో ప్రోబు బ్యాటరీ ప్లస్‌కు. వచ్చే అంకె ఆ దారిలో పోతున్న వోల్టేజీ. 0.2 లోపు ఉంటే దారి బాగుంది. అర వోల్టు చూపిస్తే ఆ మధ్యలో ఎక్కడో జాయింటు చెడింది. ప్రోబులు దగ్గరకు జరుపుకుంటూ పోతే అది ఏ జాయింటో దొరికిపోతుంది. తర్వాత ఆర్‌ఆర్ యూనిట్ మైనస్ వైరుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య ఇదే చెయ్యి. ఎర్త్ వైపు కొలవడం చాలామంది మరిచిపోతారు, తప్పు అక్కడ దొరికిన బళ్లు నేను ఎన్నో చూశాను.

మాడిన కప్లర్‌ను శాండ్‌పేపరుతో రుద్ది మళ్లీ పెట్టకు. బిగువు పోయిన పిన్ను మళ్లీ మాడుతుంది. రెండు సగాలూ మార్చాలి. వైరు లోపల రాగి నల్లబడి ఉంటే ఎర్రటి రాగి కనిపించేదాకా వెనక్కి కత్తిరించు. కొత్త టెర్మినల్‌ను సరైన క్రింపింగ్ ప్లయరుతో నొక్కి, పైన హీట్ ష్రింక్ ట్యూబు వెయ్యి. వైర్లు మెలిపెట్టి టేపు చుట్టడం రిపేరు కాదు.

ఇవన్నీ బాగున్నా చార్జింగ్ లేకపోతే, అప్పుడు కాయిల్. కవర్ విప్పనక్కర్లేదు, కప్లర్ ఊడదీస్తే చాలు. త్రీ ఫేజ్, అంటే మూడు చుట్ల కాయిల్ అయితే ఒకే రంగులో మూడు వైర్లుంటాయి, ఎక్కువగా పసుపు. ముందు మీటరు ఓమ్స్‌లో పెట్టి ఒక ప్రోబు వైరుకు, ఇంకోటి ఇంజన్ బాడీకి. ఏ వైరూ బాడీకి తగలకూడదు. తగిలితే కాయిల్ ఇన్సులేషన్ పోయినట్టే, వేరే పరీక్ష అక్కర్లేదు. తర్వాత రెండేసి వైర్ల మధ్య నిరోధం. ఇది మామూలుగా ఓమ్‌లో పదో వంతుల్లో ఉంటుంది, మూడూ సమానంగా రావాలి. ప్రోబులు రెండూ ఒకదానికొకటి ఆనిస్తే వచ్చే 0.2, 0.3ను తీసేసి చూడాలని మరిచిపోకు. చివరగా ఇంజన్ స్టార్ట్ చేసి, మీటరు ఏసీలో పెట్టి అవే జతలు కొలువు. ఆర్‌పీఎంతో పాటు వోల్టేజీ పెరుగుతూ పోవాలి. అయిదు వేల దగ్గర చాలా బళ్లలో 50 దాటుతుంది, అసలు అంకె మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఆ వైర్లను ఉత్తి చేత్తో ముట్టుకోవద్దు, షాక్ గట్టిగా కొడుతుంది. మూడు జతలూ సమానంగా రావడం ముఖ్యం. ఒకటి తగ్గితే ఆ చుట్టు పోయింది. మూడూ సమానంగా ఉండి బాగా తక్కువగా ఉంటే మాగ్నెట్ మీద అనుమానం, అది అరుదు.

చల్లటి ఇంజన్ మీద బాగా చూపించి, వేడెక్కాక చేతులెత్తేసే కాయిళ్లు ఉంటాయి. అందుకని అరగంట నడిపి వచ్చి మళ్లీ కొలువు. ఇంకో సంగతి. పాత చిన్న బళ్లలో కొన్నింటికి కాయిల్ ఒక చివర కావాలనే బాడీకి ఎర్త్ చేసి ఉంటుంది. రేజ్ చేస్తే హెడ్‌లైట్ బాగా పెరిగి, ఐడిల్‌లో మందగిస్తుంటే ఆ రకం కావచ్చు. అక్కడ ఎర్త్ తగిలిందని కాయిల్ పారేయకూడదు. నీది మూడు పసుపు వైర్ల బండే కాబట్టి నీకా గొడవ లేదు.

కాయిల్ బాగుంది, జాయింట్లు బాగున్నాయి, ఫ్యూజు బాగుంది, అయినా బ్యాటరీ దగ్గర 12 చిల్లరే అంటే మిగిలింది ఆర్‌ఆర్ యూనిట్. దాని లోపల కరెంటును ఒకవైపే పోనిచ్చే డయోడ్లు ఉంటాయి. మీటరులో డయోడ్ గుర్తు పెట్టి కాయిల్ వైపు పిన్నులకూ ప్లస్ పిన్నుకూ మధ్య చూస్తే ఒకవైపు 0.4 నుంచి 0.7 చూపించి, ప్రోబులు తిప్పితే ఏమీ చూపించకూడదు. రెండువైపులా దారి ఇస్తే డయోడ్ షార్ట్. ఆ యూనిట్‌ను చంపేది వేడి. రెక్కల మధ్య బురద గడ్డకట్టనివ్వకు, గాలి తగిలే చోటి నుంచి లోపలికి మార్చకు. కాయిల్ మాడిన బండికి కొత్త కాయిల్ వేసే ముందు ఆర్‌ఆర్ యూనిట్‌ను తప్పక పరీక్షించు. షార్ట్ అయిన యూనిట్ కొత్త కాయిల్‌ను కూడా కాల్చేస్తుంది.

ఇక నీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట. సాయంత్రం దాకా ఎన్నిసార్లు స్టార్ట్ చేసినా ఇబ్బంది లేదు, పొద్దున్నే మొరాయిస్తోంది అన్నావు. బండి కొన్నాక ట్రాకర్, ఫోన్ చార్జింగ్ పోర్టు పెట్టించానని చివర్లో ఒక ముక్క రాశావు. నాకు అనుమానం అక్కడే. తాళం తీసేశాక కూడా బ్యాటరీ నుంచి ఎవరో తాగుతున్నారు. లెక్క చూడు. 40 మిల్లీ ఆంపియర్లు లాగుతుంటే రోజుకు దాదాపు ఒక ఆంపియర్ అవర్, అంటే ఒక ఆంపియర్ గంటసేపు పారినంత. నీ బ్యాటరీ 9 ఆంపియర్ అవర్లది. బండి అయిదు రోజులు కదలకపోతే సగం ఖాళీ. అలా సగం ఖాళీగా రోజుల తరబడి ఉన్న లెడ్ బ్యాటరీలో పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది, ఆ తర్వాత ఎంత చార్జ్ చేసినా పూర్తి సత్తువ రాదు. రెండు బ్యాటరీలు ఏడాది కూడా దాటకపోవడానికి ఇది సరిపోతుంది.

ఇలా కొలువు. తాళం తీసి పక్కన పెట్టు. బ్యాటరీ మైనస్ వైరు విప్పు. ఎప్పుడు విప్పినా మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. ఎందుకంటే ప్లస్ విప్పుతూ స్పానర్ ఛాసిస్‌కు తగిలితే పెద్ద మంటే లేస్తుంది. మీటరును ఆంపియర్లలో పెట్టి, ఎర్ర ప్రోబును 10 ఆంపియర్ల సాకెట్‌లో గుచ్చి, మైనస్ టెర్మినల్‌కూ విప్పిన వైరుకూ మధ్య పెట్టు. అంకె చిన్నదైతే మిల్లీ ఆంపియర్ల సాకెట్‌కు మార్చు. మీటరు అలా ఉండగా తాళం పెట్టకు, సెల్ఫ్ కొట్టకు, మీటరు లోపలి ఫ్యూజు పోతుంది. అదనంగా ఏమీ తగిలించని బండిలో రెండు మూడు మిల్లీ ఆంపియర్లకు మించి పెద్దగా ఉండదు. ఎక్కువ చూపిస్తే ముందు ట్రాకర్ ఫ్యూజు తీసి చూడు, తర్వాత పోర్టు వైరు. ఏది తీస్తే అంకె పడిపోతుందో అదే దొంగ. పోర్టు అయితే తాళం పెట్టి ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే లైనుకు మార్పిస్తే సరి.

కాబట్టి నువ్వు ఈ చివరి పరీక్షతోనే మొదలుపెట్టు. తర్వాత బ్యాటరీ నిలకడ వోల్టేజీ, సెల్ఫ్ కొట్టినప్పుడు, ఐడిల్‌లో, అయిదు వేల దగ్గర. ఈ అయిదు అంకెలూ రాసి, కప్లర్ల ఫొటోలు దగ్గర నుంచి తీసి నాకు పంపు. అప్పటిదాకా కాయిల్ కవర్ బోల్టు మీద స్పానర్ పెట్టనివ్వకు.

నీ
పెదనాన్న