ఫోన్లు పెట్టెలో, మనం సరస్సు ఒడ్డున

సునీతా,

పిల్లల్ని తీసుకుని సరస్సు ఒడ్డున కాటేజీలో నాలుగు రోజులు ఉందామనుకుంటున్నామని, ఫోన్లూ టీవీ ఏవీ లేకుండా గడపాలనుందని, పిల్లలు ఊరుకోరేమోనని భయంగా ఉందని రాశావు. పిల్లల గురించి టెన్షన్ పడకమ్మా. రెండో రోజుకల్లా వాళ్లు సర్దుకుంటారు. కష్టమల్లా మన పెద్దవాళ్లకే.

మేం మొదటిసారి అలా వెళ్లినప్పుడు మీ అన్నయ్య వరండాలో కూర్చుని పది నిమిషాలకోసారి చొక్కా జేబు తడుముకునేవాడు. ఫోన్ లోపల అల్మరాలో ఉందని వాడికీ తెలుసు. అయినా చెయ్యి దానంతటదే వెళ్లిపోయేది. ఎనిమిదేళ్ల కూతురు కాసేపు చూసి, "నాన్నా, ఏం పోయింది? నేనూ వెతకనా?" అని అడిగింది. వాడి మొహం నాకింకా గుర్తే.

అందుకే ముందు మీ ఇద్దరి ఫోన్లు పెట్టెలో పడాలి, పిల్లలవి ఆ తర్వాత. ఈ మాట అక్కడికి వెళ్లాక చెప్పొద్దు, వారం ముందే చెప్పు. ఆఫీసులోనూ చుట్టాలకూ కూడా చెప్పేయండి. ఒక్క ఫోన్ మాత్రం నిండా చార్జింగ్‌తో, ఆపేసి, అందరికీ తెలిసిన చోట ఉంచండి. అది అత్యవసరానికే. కాటేజీ చిరునామా, దగ్గర్లోని ఆసుపత్రికి దారి కాగితం మీద రాసి తలుపు పక్కన అంటించు. సిగ్నల్ అందుతుందో లేదో చేరగానే ఒకసారి చూసుకోండి. అందకపోతే ఎక్కడిదాకా వెళ్తే అందుతుందో కనుక్కుని పెట్టుకోండి.

ఇంకొకటి, చాలామంది దీని దగ్గరే జారిపోతారు. మనకిప్పుడు గడియారం, అలారం, టార్చి, కెమెరా అన్నీ ఫోనే. "టైమెంతైంది" అని తీస్తాం, అరగంట పోతుంది. చేతి గడియారం, చిన్న అలారం, రెండు టార్చిలు, ఒక మామూలు కెమెరా తీసుకెళ్లు. ఫోన్ తీయడానికి సాకు మిగలకూడదు.

మొదటి రోజు మధ్యాహ్నం పిల్లలు నీ దగ్గరికొచ్చి "బోర్ కొడుతోంది" అంటారు. ఆ మాట వినగానే మనసాగదు, ఏదో ఒక ఆట పెట్టాలనిపిస్తుంది. పెట్టొద్దు. నేను ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నది నిజానికి ఈ ఒక్క మాట కోసమే. ఆ విసుగును కాసేపు అలాగే ఉండనివ్వు. మా మనవరాలు ఆ రోజు గంటసేపు సణిగి, ఇక ఎవరూ పట్టించుకోవడం లేదని వెళ్లి నీళ్లలోకి కట్టిన చెక్క వంతెన మీద బోర్లా పడుకుంది. ఎంతకీ లేవకపోతే నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను. సన్నటి కాళ్ల పురుగులు నీటి మీద నడుస్తున్నాయి. ఒక్కో కాలి కింద నీరు చిన్న గుంటలా నొక్కుకుపోతోంది గానీ తెగడం లేదు. కింద ఇసుక మీద చూస్తే వాటి కాళ్ల నీడలు వెంట్రుకల్లా కాదు, గుండ్రంగా బొట్టుబిళ్లల్లా ఉన్నాయి. "కాలు సన్నగా ఉంటే నీడ లావుగా ఎందుకుంది నానమ్మా?" అంది. పైన పడిన గుంట వెలుతురును పక్కలకు వంచేస్తుంది కాబట్టి అని ఇద్దరం కలిసి తేల్చేసరికి సాయంత్రమైంది. పురుగు కాలి కింద నీరు తెగకుండా గుంట పడటమే బడిలో తలతన్యత అని చెప్పే పాఠం. నేనే గనక ముందు పేకముక్కలు తీసి ఉంటే ఆ పిల్ల అటు వెళ్లేదే కాదు.

నీళ్ల దగ్గర మాత్రం ఈ స్వేచ్ఛ వద్దు. మునిగిపోయే మనిషి కేకలు వేస్తాడనుకుంటాం. చాలాసార్లు చప్పుడే ఉండదు, ఊపిరి తీసుకోవడానికే శక్తి చాలదు. చిన్నవాడు నీళ్లలో ఉన్నంతసేపూ చెయ్యి చాస్తే అందేంత దూరంలో ఒక పెద్దవాళ్లుండాలి. "అందరం ఉన్నాంగా" అన్నప్పుడే ఎవరూ చూడరు. అందుకని వంతులు వేసుకుని "ఇప్పుడు నేను చూస్తున్నా" అని పైకి చెప్పండి. పడవ ఎక్కితే ఈత వచ్చినవాళ్లు కూడా లైఫ్ జాకెట్ వేసుకోవాలి. గాలి నింపిన బొమ్మలు దానికి బదులు కావు. ఎండకు పైనీరు గోరువెచ్చగా ఉన్నా కాస్త లోతుకు వెళ్తే ఒక్కసారిగా చల్లబడుతుంది, కండరాలు పట్టేస్తాయి. లోతు తెలియని చోట తలకిందులుగా దూకనివ్వద్దు. నీటి మీద ఆకుపచ్చ పెయింటు ఒలికినట్టు తెట్టు కనిపిస్తే అందులో అసలు దిగొద్దు, కొన్ని రకాల నాచు విషం. ఉరుము వినిపిస్తే వెంటనే బయటికి వచ్చేయండి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాకే మళ్లీ నీళ్ల మాట.

సందె వేళ దోమలుంటాయి, చీకటి పడకముందే పొడుగు చేతుల బట్టలు వేయించు. చలిగా ఉందని బొగ్గుల కుంపటి గదిలో పెట్టుకోవద్దు, బొగ్గుల నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు.

రాత్రి ఒకసారి లైట్లన్నీ ఆర్పి అందరూ ఒడ్డున కూర్చోండి. కళ్లు చీకటికి పూర్తిగా అలవాటు పడటానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మధ్యలో ఒక్కసారి తెల్లటి వెలుతురు పడినా మళ్లీ మొదటికొస్తుంది. టార్చికి ఎర్రటి సెల్లోఫేన్ కాగితం చుట్టుకో. కాసేపటికి ఒక్కో చుక్కా బయటికొస్తుంది. నా అనుభవంలో, పగలు పెదవి విప్పని పిల్లలు కూడా ఆ చీకట్లో మాట్లాడతారు. మొహం కనిపించదు కదా, చెప్పడం తేలిక. నువ్వు ఎదురు ప్రశ్నలు వేయకుండా విను. నీ పెద్దది ఈమధ్య ముభావంగా ఉంటోందన్నావు కదా, అందుకే చెప్తున్నాను.

తిరిగొచ్చే రోజు ఫోన్లు కారెక్కగానే పంచొద్దు. బండి నడిపే అతనికి దారి కోసం కావాల్సిన ఒక్కటి చాలు. ఇంటికొచ్చి, సంచులు విప్పి, తడి బట్టలు ఆరేశాక పెట్టె తెరవండి. అప్పుడు కూడా మీరిద్దరే చివర తీసుకోండి.

టార్చిలకు కొత్త బ్యాటరీలు వెయ్యి. వచ్చాక నాకు మెసేజ్ పెట్టకు, తీరిగ్గా ఉత్తరం రాయి.

ప్రేమతో,
పెద్దమ్మ